రోగక్రిమి పట్టు – దానిని విడిపించే మార్గాలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



దొడ్డబళ్ళాపురంలో పట్టు అన్న మాటకు అర్థం చెప్పవలసిన పని లేదు. ఇక్కడి తెలుగు కుటుంబాలలో అనేకం తరతరాలుగా మగ్గాన్ని నమ్ముకుని బ్రతికినవే. అయితే మన భాషలో ఆ మాటకు మరొక అర్థం ఉన్నది. పట్టు అనగా పట్టుకొనుట, విడువకుండుట. నేటి ప్రసంగ విషయం ఆ రెండవ పట్టు. రోగకారక బ్యాక్టీరియా మనిషి కణాన్ని ఎట్లు పట్టుకుంటుంది, పట్టుకున్న తరువాత లోపలికి ఎట్లు చొరబడుతుంది, ఆ పట్టును విడిపించుటలో గృహానికి, పాఠశాలకు గల బాధ్యత ఏమిటి అన్నది విచారించుట దీని ఉద్దేశం.

ఉత్సవ సమయంలో వ్యాధుల ప్రసక్తి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఏ పాఠశాల హాజరు పట్టీ తిరగవేసినా కొన్ని ఖాళీ గళ్ళు కనిపిస్తాయి. వాటిలో కొన్ని పండుగ ప్రయాణాల వలన ఏర్పడినవి. తక్కినవాటి వెనుక జ్వరాలు, విరేచనాలు, విడువని దగ్గులు ఉన్నాయి. ఒక విద్యార్థి చదువు ఆగిపోవుటకు పేదరికం ఎంత కారణమో, ఇంటిలోని పెద్దకు వచ్చిన దీర్ఘవ్యాధి కూడా అంత కారణం. కావున ఇది వైద్యులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఈ ప్రాంతానికి రోగక్రిములతో పరిచయం పాతదే. 1895లో కలరా చెలరేగినప్పుడు బెంగుళూరు పారిశుద్ధ్యాన్ని చక్కదిద్దుటకు ఒక యువ సైనిక వైద్యుణ్ణి పంపారు. ఆయన పేరు రొనాల్డ్ రాస్. రెండేండ్ల తరువాత, 1897 ఆగస్టులో, అదే రాస్ సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొని లోకప్రసిద్ధుడయ్యాడు. ఆ మరుసటి సంవత్సరం, 1898లో, బెంగుళూరును ప్లేగు కబళించింది. ఇరుకు పేటలను విడిచి జనం ఆరుబయలుకు తరలిపోయారు. మల్లేశ్వరం, బసవనగుడి వంటి విశాలమైన కొత్త పేటలు ఆ కాలంలోనే రూపుదిద్దుకున్నాయి. ప్లేగు మారెమ్మ పేరిట వెలసిన గుడులు ఆనాటి భయానికి నేటికీ సాక్ష్యాలు.

ఆనాటికే కలరాకు, ప్లేగుకు, క్షయకు కారణమైన క్రిములు ఏవో శాస్త్రజ్ఞులకు తెలుసు. కాని దేహంలో ప్రవేశించిన క్రిమి అక్కడ ఏమి చేస్తుంది? ఒకే ఇంటిలో ఒకే కుండ నీరు త్రాగిన అన్నదమ్ములలో ఒకడు మంచం పట్టగా మరొకడు బడికి ఎట్లు వెళ్ళగలుగుతున్నాడు? ఈ ప్రశ్నలకు సమాధానాలు లభించుటకు మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ముందుగా పరిమాణం గ్రహించాలి. విడదీసిన సన్నని పట్టుపోగు మందం సుమారు 10 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో నూరవ వంతు. క్షయ క్రిమి పొడవు 2 నుండి 4 మైక్రాన్లు. ఒక పట్టుపోగు మందంలో మూడు నాలుగు క్షయ క్రిములను పొడవునా వరుసగా పేర్చవచ్చు. ఇంత స్వల్పజీవి ఇంత పెద్ద మనిషిని కూల్చుతున్నదంటే దాని బలం ఆకారంలో లేదు. పద్ధతిలో ఉన్నది.

బ్యాక్టీరియాలన్నీ శత్రువులు కావు. 2016లో వెలువడిన ఒక అంచనా ప్రకారం మనిషి దేహంలోని బ్యాక్టీరియాల సంఖ్య అతని సొంత కణాల సంఖ్యకు ఇంచుమించు సమానం. వాటిలో అత్యధిక భాగం మనతో సామరస్యంగా బ్రతుకుతున్నవే. హాని చేసేవి కొన్ని మాత్రమే. వాటికైనా ప్రవేశం సులభం కాదు. కన్నీటిలో, లాలాజలంలో బ్యాక్టీరియా గోడను కరిగించే లైసోజైము ఉన్నది. జఠరంలో ఆమ్లం ఉన్నది. శ్వాసనాళాల లోపలి శైలికలు అలలవలె కదులుతూ, దుమ్ము చిక్కుకున్న శ్లేష్మాన్ని గొంతు వైపు నెట్టుతాయి. ప్రేగులు నిరంతరం కదులుతూ తమలోని పదార్థాన్ని ముందుకు త్రోస్తాయి. మూత్రం తన దారిని తానే కడుగుకుంటూ వెలుపలికి పోతుంది.

శ్రద్ధగా చూస్తే ఈ రక్షణలలో అధికభాగం ప్రవాహాలే. ప్రవాహంలో పడినది కొట్టుకుపోవాలి. కొట్టుకుపోకుండా నిలవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి. రోగక్రిమి చేయవలసిన మొదటి పని ఇదే. పట్టు దొరకని క్రిమి వచ్చిన దారినే వెళ్ళిపోతుంది.

ఆ పట్టు కొరకు అనేక బ్యాక్టీరియాలు తమ ఒంటి చుట్టూ సన్నని ప్రోటీను తంతువులను పెంచుకుంటాయి. వీటిని పిలి అని, ఫింబ్రియాలు అని అంటారు. ప్రతి తంతువు కొసన, లేదా క్రిమి ఉపరితలం మీద, ప్రత్యేకమైన ఆకృతి గల అణువు ఉంటుంది. మన కణాల వెలుపలి పొర మీద కూడా చక్కెర గొలుసులు, ప్రోటీన్లు నిలిచి ఉంటాయి. వీటిని గ్రాహకాలు అంటారు. ఇవి ఏర్పడినది దేహం సొంత అవసరాలకు, అనగా కణం కణాన్ని గుర్తించుటకు, సందేశాలు అందుకొనుటకు. క్రిమి తంతువు కొస ఆ గ్రాహకంలో తాళంలో తాళపుచెవివలె ఇమిడితే పట్టు కుదురుతుంది. ఇమడకపోతే లేదు. కోరింతదగ్గు క్రిమి శ్వాసనాళపు శైలికలను, కలరా క్రిమి చిన్నప్రేగును వెదకుకొనుటకు కారణం ఇదే. ఒక్కొక్క క్రిమి చేతిలో ఒక్కొక్క తాళపుచెవి ఉన్నది.

ఈ సంగతిని చక్కగా రుజువు చేసిన ప్రయోగం ఒకటి 1985లో అమెరికాలో జరిగింది. రాల్ఫ్ ఇస్బర్గ్, స్టాన్లీ ఫాల్కో అనే శాస్త్రజ్ఞులు ప్లేగు క్రిమికి దగ్గరి బంధువైన ఒక బ్యాక్టీరియా నుండి ఒకే ఒక జన్యుభాగాన్ని తీసి, ప్రయోగశాలలో పెరిగే నిరపాయకరమైన ఇ. కోలై బ్యాక్టీరియాలో చేర్చారు. అంతవరకు కణం వెలుపలే ఉండిపోయిన ఆ సాధుజీవి కణంలోనికి చొచ్చుకుపోయింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనుకు ఇన్వేసిన్ అని పేరు పెట్టారు. సాధువుకు, చొరబాటుదారుకు మధ్య ఉన్న తేడా ఒక్క తాళపుచెవి కావచ్చునని ఆనాడు తేటతెల్లమైంది.

శాస్త్ర పరిభాషలో మన కణాన్ని ఆతిథేయి కణం అంటారు. పిలవని అతిథి ఆ ఇంటి ముంగిట మూడు విధాలుగా ప్రవర్తిస్తుంది. కొన్ని క్రిములు వాకిట నిలిచే చేటు చేస్తాయి. కొన్ని ఇంటివారి చేతనే తలుపు తీయించుకుంటాయి. కొన్ని కావలివాడినే తమ ఇల్లు చేసుకుంటాయి.

వాకిట నిలిచేవాటికి కలరా క్రిమి ఉదాహరణ. అది ప్రేగు కణంలోనికి పోదు. తన తంతువులతో ఒకదానితో ఒకటి పెనవేసుకుని, ప్రేగు గోడపై గుంపుగా నిలిచి, ఒక విషాన్ని విడుస్తుంది. ఈ విషం సంగతిని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు. క్రిములను పూర్తిగా వడగట్టి తీసివేసిన ద్రవాన్ని కుందేలు ప్రేగు భాగంలో ఉంచినా అందులో నీరు నిండుతుందని ఆయన చూపారు. ఆ విషం కణాన్ని పట్టుకుని, దానిలోని నియంత్రణను చెడగొట్టి, లవణాలను, వాటి వెంట నీటిని ప్రేగులోనికి పారబోయిస్తుంది. మనిషి గంటల వ్యవధిలో ఎండిపోతాడు. అయినను చక్కెరను, ఉప్పును కలిపి పీల్చుకునే మార్గం ప్రేగు కణంలో చెడకుండా మిగిలే ఉంటుంది. ఉప్పు, చక్కెర, నీరు సరియైన పాళ్ళలో కలిపి త్రాగించుటలోని రహస్యం అదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఆ పద్ధతితో వేలాది ప్రాణాలు కాపాడారు.

కలరా క్రిమి పట్టు మనిషి ప్రేగుతోనే మొదలు కాదు. చెరువులలో, నదులలో అది కంటికి సరిగా ఆనని రొయ్యజాతి జీవుల పెంకులను అంటిపెట్టుకుని బ్రతుకుతుంది. ఈ విషయాన్ని ఆధారం చేసుకుని రీటా కోల్వెల్, ఆమె సహచరులు బంగ్లాదేశ్ గ్రామాలలో ఒక పరిశోధన జరిపారు. పాత నూలు చీరను నాలుగు మడతలో అంతకు మించియో వేసి, దాని గుండా త్రాగునీటిని వడగట్టుకొమ్మని స్త్రీలకు నేర్పారు. క్రిమి ఒక్కటే అయితే గుడ్డలోని సందుల గుండా జారిపోతుంది. కాని అది పట్టుకున్న జీవి గుడ్డకు చిక్కుతుంది. ఉతికి ఉతికి నలిగిన నూలులో పోగులు ఉబ్బి సందులు మరింత చిన్నవవుతాయి. ఆ గ్రామాలలో కలరా సుమారు 48 శాతం తగ్గినట్లు 2003లో వారు ప్రకటించారు. నీటిని మరిగించుటకు ఇది సాటి కాదు. అయినను వంటచెరకు కొరవడిన ఇంటిలో, నేతగాడి చేతి పనికి ఇంతటి విలువ ఉన్నదని తెలియుట నేతగాండ్ర పట్టణానికి సంతోషకరమైన సంగతి.

రెండవ రకానికి టైఫాయిడ్ క్రిమి ఉదాహరణ. చిన్నప్రేగు గోడలో ఎం కణాలు అనే ప్రత్యేక కణాలు కొన్ని ఉన్నాయి. ప్రేగులోని పదార్థాల నమూనాలను తీసుకుని క్రింద ఉన్న రక్షక కణాలకు చూపించుట వాటి పని. రాజద్వారం దగ్గర తనిఖీ చేసే ఉద్యోగుల వంటివి అవి. టైఫాయిడ్ క్రిమి ఎన్నుకునేది ఆ ద్వారాన్నే. పట్టు చిక్కిన తరువాత అది సన్నని సూది వంటి నిర్మాణాన్ని కణపు పొరకు ఆనించి, తన ప్రోటీన్లను కణంలోనికి ఎక్కిస్తుంది. వాటి ప్రభావానికి కణపు పొర కుచ్చెళ్ళవలె పైకి లేచి, క్రిమిని చుట్టుకుని, తానే లోపలికి లాక్కుంటుంది. తలుపు పగులలేదు. ఇంటివారే తీశారు.

ఈ సూది కేవలం ఉపమానం కాదు. టైఫాయిడ్ క్రిమి కుటుంబానికే చెందిన ఒక బ్యాక్టీరియాలో 1998లో శాస్త్రజ్ఞులు దానిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద స్పష్టంగా చూడగలిగారు. ప్లేగు క్రిమికి కూడా అటువంటి సూదియే ఉన్నది. కాని దాని ఉపయోగం వేరు. తనను మ్రింగవచ్చిన రక్షక కణాలకు అది తన ప్రోటీన్లను ఎక్కించి వాటిని అచేతనం చేస్తుంది. ఎలుకల ఒంటిమీద రక్తం పీల్చి బ్రతికే చిన్న పురుగులో కూడా ప్లేగు క్రిమి జిగురు వంటి ముద్దగా పేరుకుని, దాని ఆహారమార్గాన్ని మూసివేస్తుంది. ఆకలి తీరని ఆ పురుగు ఎవరు దొరికితే వారిని పదే పదే కుట్టి, క్రిమిని చేరవేస్తుంది. బెంగుళూరును ఖాళీ చేయించిన మహమ్మారి వెనుక ఉన్న యంత్రం ఇది. అది ఎట్లు పనిచేస్తుందో తెలియుటకు ఇంచుమించు నూరేండ్లు పట్టింది.

టైఫాయిడ్ విషయంలో మరొక ప్రమాదం ఉన్నది. జ్వరం తగ్గిన తరువాత కూడా కొందరిలో క్రిమి పిత్తాశయంలో దాగి ఉండి మలంతో వెలువడుతూ ఉంటుంది. న్యూయార్కులో వంటమనిషిగా పనిచేసిన మేరీ మాలన్ అనే స్త్రీకి ఏ రోగలక్షణమూ లేకపోయినా, ఆమె వండిపెట్టిన ఇండ్లలో టైఫాయిడ్ వ్యాపించినట్లు 1907లో తేలింది. వంటకు ముందు, భోజనానికి ముందు, మలవిసర్జన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనుట మడి కొరకు కాదు. సబ్బు జిడ్డును, దానితో అంటుకున్న క్రిమిని విడదీస్తుంది. నీరు దానిని కొట్టుకుపోయేటట్లు చేస్తుంది. ఇది పట్టు కుదరకముందే విడిపించుట. దీనికి తోడు, హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన టైఫాయిడ్ టీకాకు 2013లో మన దేశంలో అనుమతి లభించింది. శిశువులకు సైతం ఇవ్వదగిన ఆ టీకాను 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది.

ఇక మూడవ రకం. ఇదియే నేటి ప్రసంగానికి ప్రధానమైనది. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, మాట్లాడినప్పుడు వెలువడిన సూక్ష్మ తుంపరలలో క్షయ క్రిమి గాలిలో తేలుతుంది. అది ఊపిరితిత్తుల చివరి గాలి గదులకు చేరిన వెంటనే అక్కడి భక్షక కణం దానిని పట్టుకుని మ్రింగుతుంది. మ్రింగినదానిని ఒక సంచిలో ఉంచి, జీర్ణరసాలు గల మరొక సంచితో కలిపి చంపుట భక్షక కణం పద్ధతి. క్షయ క్రిమికి మైనం వంటి దట్టమైన కవచం ఉన్నది. దానిలోని కొన్ని పదార్థాలు ఆ రెండు సంచులను కలవనీయవు. చంపవలసిన గదిలోనే క్రిమి కాపురం పెడుతుంది. రక్షక కణాలు చుట్టూ చేరి గోడ కట్టి దానిని బంధిస్తాయి. ఆ బంధం ఏండ్ల తరబడి సాగవచ్చు. క్రిమి సోకినవారిలో నూటికి 90 మందికి పైగా జీవితాంతం రోగులు కారు. ఆహారలోపం, మధుమేహం, పొగాకు, హెచ్.ఐ.వి. వంటివి దేహాన్ని బలహీనపరిచినప్పుడు గోడ కూలి రోగం బయటపడుతుంది.

దీనికి చికిత్స లేకపోతే ఏమవుతుందో మన చుట్టుప్రక్కల గ్రామాలే లోకానికి చెప్పాయి. 1959లో బెంగుళూరులో జాతీయ క్షయవ్యాధి సంస్థ ఏర్పడింది. ఆ సంస్థవారు 1961 నుండి 1968 వరకు బెంగుళూరు జిల్లా గ్రామాలలో ఇంటింటికీ తిరిగి నాలుగు పర్యాయాలు పరీక్షలు జరిపారు. అప్పటికి ఆ పల్లెలకు క్రమబద్ధమైన చికిత్స అందలేదు. కఫంలో క్రిమి కనిపించినవారిలో అయిదేండ్ల లోపల సుమారు సగంమంది మరణించారు. మూడవ వంతు మంది కఫంలో క్రిమి తనంతట తానే కనిపించకుండా పోయింది. తక్కినవారు క్రిమిని వెదజల్లుతూనే ఉన్నారు. సగంమంది అన్న మాట లెక్కల పుస్తకంలో చిన్నది. పల్లెలో అది ఎన్నో ఇండ్ల దీపం.

అదే సంస్థకు చెందిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ మన పొరుగున ఉన్న తుమకూరు జిల్లాలో మరొక పరిశోధన చేసి 1963లో ప్రకటించారు. పల్లెటూరివారికి తమ రోగం సంగతి తెలియదని, వైద్యానికి రారని అంతవరకు పెద్దలు అనుకునేవారు. విచారించగా క్షయరోగులలో సగానికి పైగా అప్పటికే ఏదో ఒక వైద్యశాల గడప తొక్కినవారని తేలింది. వారికి లభించినది మామూలు దగ్గు మందు సీసా. రోగి వచ్చాడు, కాని కఫపరీక్ష జరగలేదు. దేశంలో క్షయనివారణ పథకాన్ని సామాన్య వైద్యశాలలతో కలిపి నడుపుటకు ఈ పరిశోధన బలమైన ఆధారమైంది. ఇందులో నేటి తల్లిదండ్రులకు ఒక పాఠం ఉన్నది. రెండు వారాలు దాటిన దగ్గుకు దగ్గు మందు సమాధానం కాదు. కఫపరీక్ష అడిగి చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఆ పరీక్ష, చికిత్స ఉచితం.

తెలుగునాట క్షయతో పోరాటానికి చిరస్మరణీయమైన పేరు ఆరోగ్యవరం. మదనపల్లి సమీపంలోని కొండగాలిలో 1915లో వెలసిన ఆ శానిటోరియానికి డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్, ఆయన తరువాత పి.వి. బెంజమిన్ సారథ్యం వహించారు. మందులు లేని ఆ రోజులలో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాల కార్యక్రమం ఆరంభమైన చోట్లలో మదనపల్లి ఒకటి. ఆ టీకా పసిపిల్లలను మెదడు పొరలకు సోకే తీవ్రమైన క్షయ నుండి కాపాడుతుంది. పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆపుటకు అది చాలదు. కావున పుట్టిన వెంటనే టీకా వేయించామన్న ధీమాతో పెద్దల దగ్గును ఉపేక్షించరాదు.

ఆరోగ్యవరం వంటి చోట్లకు పోలేనివారి సంగతి ఏమిటి? దీనికి సమాధానం మద్రాసులో దొరికింది. అక్కడి క్షయ చికిత్సా కేంద్రంవారు 1956లో ప్రారంభించి 1959లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పేద ఇంటిలో ఉండి క్రమం తప్పక మందులు వాడినవారు శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా కోలుకున్నారు. వారి ఇంటివారికి అదనంగా ముప్పు కలగలేదు. రోగిని ఇల్లు వెడలగొట్టవలసిన అవసరం ఆ నాటితోనే తీరిపోయింది. వెలివేసే అలవాటు మాత్రం ఇంకా కొన్నిచోట్ల తీరలేదు.

మందులు ఆరు నెలలు ఎందుకు వాడాలి? సరియైన ఆహారం దొరికితే ఇ. కోలై బ్యాక్టీరియా 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతుంది. క్షయ క్రిమికి ఇంచుమించు 20 గంటలు పడుతుంది. పెరుగుతున్న క్రిమిపై మందు చక్కగా పనిచేస్తుంది. భక్షక కణంలో నిద్రాణంగా పడి ఉన్న క్రిమిపై నిదానంగా పనిచేస్తుంది. కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒళ్ళు తేలికపడుతుంది. రోగి పనిలోనికి దిగుతాడు. మగ్గం ఆగితే పూట గడవని ఇంటిలో అతనిని తప్పు పట్టుటకు మనసొప్పదు. అయినను లోపల మిగిలిన క్రిములు ఇంకా చావలేదు. అరకొర మందుకు తట్టుకుని నిలిచినవే మరల పెరుగుతాయి. ఈసారి అవే మందులు పనిచేయకపోవచ్చు. ఆ మొండి క్రిమినే అతడు తన బిడ్డకు అందిస్తాడు.

ఈ న్యాయం క్షయకే కాదు, అన్ని యాంటీబయాటిక్ మందులకు వర్తిస్తుంది. రాస్ బెంగుళూరుకు వచ్చిన 1895లోనే భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన మార్గదర్శనంలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. ఆ మందులు బ్యాక్టీరియా ప్రోటీన్లు తయారుచేసుకొనకుండా ఆపుతాయి. తంతువులైనా, సూదులైనా ప్రోటీన్లే కదా! 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం చెలరేగినప్పుడు జనం ఆశ్రయించినది ఈ టెట్రాసైక్లిన్ మాత్రలనే. అటువంటి మందును జలుబుకు, వైరస్ జ్వరానికి దుకాణంలో అడిగి రెండు మాత్రలు కొని మ్రింగుట, ఆ ఆయుధాన్ని మన చేతులతో మనమే మొద్దుబారజేయుట.

పట్టు కుదరకుండా చూచుట ఇండ్లలో, పాఠశాలలో ఎట్లు సాధ్యమో చివరగా చెప్పుకోవాలి. మొదటిది తల్లిపాలు. ముర్రుపాలలోని ప్రతిరక్షకాలు శిశువు ప్రేగు గోడకు కవచంగా నిలుస్తాయి. తల్లిపాలలో శిశువు జీర్ణించుకోలేని కొన్ని చక్కెర గొలుసులు ఉన్నాయి. అవి ఎందుకున్నాయని చాలాకాలం ఆశ్చర్యపడ్డారు. వాటి ఆకృతి ప్రేగు కణాల మీది గ్రాహకాలను పోలి ఉంటుంది. అనేక క్రిములు ప్రేగును పట్టుకోబోయి వాటిని పట్టుకుని, వాటితో పాటు వెలుపలికి పోతాయి. ముర్రుపాలను పారబోయుట అనగా ప్రకృతి పంపిన ఆ మాయతాళాలను పారబోయుటయే.

రెండవది బాలికల విషయం. సంకోచం విడిచి చెప్పవలసిన సంగతి ఇది. మూత్రనాళ వ్యాధులు కలిగించే ఇ. కోలై తంతువుల కొసలు మూత్రాశయ కణాల మీది చక్కెరను పట్టుకుంటాయి. మూత్ర ప్రవాహం లాగినకొద్దీ ఆ పట్టు మరింత బిగుస్తుంది. అందువలన క్రిమి స్థిరపడకముందే నీరు సమృద్ధిగా త్రాగి, ఎప్పటికప్పుడు మూత్రవిసర్జన చేయుట ముఖ్యం. శుభ్రమైన మరుగుదొడ్డి లేని బడిలో ఆడపిల్లలు ఉదయం నుండి సాయంకాలం వరకు నీరు త్రాగకుండా, మూత్రం బిగబట్టుకుని కూర్చుంటారు. కావున నీరు, తలుపు, గొళ్ళెం గల మరుగుదొడ్డి పాఠశాలకు గ్రంథాలయంతో సమానమైన అవసరం. పాఠశాలకు ఏదైనా కానుక ఇవ్వదలచిన పూర్వ విద్యార్థులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మూడవది గాలి, ఆహారం. గాలికి పోగులు చెదరుతాయని కిటికీలు మూసే అలవాటున్న మగ్గపు గదిలో, దగ్గే మనిషితో పాటు పిల్లలు నిద్రించుట ప్రమాదం. రోజులో కొంతసేపైనా తలుపులు తెరిచి గాలి, వెలుతురు ఆడనివ్వాలి. ఆహారం సంగతిలో ఆరోగ్యవరం వైద్యులు అనుభవంతో చెప్పినదాన్ని ఇటీవలి పరిశోధన లెక్కలతో నిలబెట్టింది. జార్ఖండ్‌లో క్షయరోగుల కుటుంబ సభ్యులకు పప్పు, బియ్యం, విటమిన్లు అందించగా, వారిలో కొత్తగా క్షయ వచ్చుట 39 శాతం తగ్గినట్లు 2023లో వెల్లడైంది. మంగళూరుకు చెందిన అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ దంపతులు ఆ పరిశోధనకు సారథులు. మధ్యాహ్న భోజనంలోని ముద్ద కూడా కోటగోడలో ఒక రాయియే.

తల్లిదండ్రులారా, ఇంటిలో దగ్గు దీర్ఘమైతే దాచకండి. ఆడపిల్ల పెండ్లి చెడుతుందని, ఇరుగుపొరుగు వినకూడదని దాచిన దగ్గు, దాచిన ఇంటినే ముందుగా కాలుస్తుంది. మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలలోనే రోగి ఇతరులకు క్రిమిని అందించుట చాలావరకు తగ్గిపోతుంది. కాని ఆరు నెలల మందు పూర్తి అగువరకు ఆ ఇంటికి ధైర్యం చెప్పేవారు కావాలి. ఉపాధ్యాయులారా, కొన్నాళ్ళుగా బడికి రాని విద్యార్థి ఇంటికి వెళ్ళినప్పుడు పాఠం సంగతితో పాటు ఇంటిలోని పెద్దల ఆరోగ్యం కూడా అడగండి. పూర్వ విద్యార్థులారా, మీలో వైద్యులు, వ్యాపారులు, ఉద్యోగులు ఉన్నారు. చికిత్స పొందుతున్న కుటుంబానికి ఆరు నెలల పప్పు, నూనె, గ్రుడ్లు అందించుట మీకు భారం కాదు. ఆ ఇంటి బిడ్డ బడి మానకుండుటకు అది చాలు.

క్రిమికి పట్టు కావాలి. మనిషికి మనిషి ఆసరా కావాలి. మొదటిదాన్ని విడిపించుటకు రెండవది బిగియాలి. ఈ విద్యాలయం శతజయంతి జరుపుకునే నాటికి, ఊరిలో క్షయ వలన చదువు మానిన బిడ్డ ఒక్కరైనా లేరని సగర్వంగా చెప్పుకునే రోజు రావాలి.